డాడీ కర్ర ఏ చేతిలో

తొంభైల చివర్లో డాడీ ఎడమ మోకాలు చెడింది. ఆబిడ్స్‌లో గడియారాల షాపులో పొద్దంతా నిలబడి పనిచేసే మనిషి. నాంపల్లిలో మా ఇంటి నుంచి నడిచి వెళ్లి, నడిచే వచ్చేవాడు. దారిలో మొజంజాహీ మార్కెట్ దగ్గర ఆగి ద్రాక్ష బేరమాడుతున్నట్టు నటించేవాడు. కాలు లాగుతోందని నలుగురికీ తెలిస్తే నామోషీ.

సర్కారు దవాఖానలో వ్యాయామాలు నేర్పే డాక్టరమ్మ ఆయన్ని అటూ ఇటూ నడిపించి చూసింది. మోకాలు లోపలివైపు అరుగుతోంది, కర్ర కుడి చేత్తో పట్టుకోండి అంది.

"నొప్పి ఎడమ కాలికి గద డాక్టరమ్మా?" అన్నాడు డాడీ.

ఆమె విసుక్కోకుండా నడిచి చూపించింది. ఎడమ కాలు ముందుకు పడితే కుడి చెయ్యి దానంతటదే ముందుకొస్తుంది. ఆ చేతిలో కర్ర ఉంటే, కాలి మీద పడే బరువులో కొంత కర్ర తీసుకుంటుంది. నొప్పి వైపే పట్టుకుంటే ఒళ్ళంతా ఆ మోకాలి మీదికే ఒరుగుతుంది. డాడీకి అర్థమైంది. కొద్ది రోజుల్లోనే నడక తేలికపడి, ద్రాక్ష నాటకం మానేశాడు.

ఆదివారం లేకపోతే అంతా బాగానే ఉండేది. మా చర్చిలో కానుకల సంచి పట్టేది డాడీయే. షాపులో సేఠ్ చేత మాటలు పడే మనిషికి, ఆ మఖమల్ సంచితో వరస వరసకీ వెళ్లడమే ఉన్న ఒక్క గొప్ప. కర్ర కుడి చేతిలోకి రాగానే సంచి ఎడమ చేతిలోకి పోయింది.

ఆరాధన అయ్యాక సంఘ పెద్ద డాడీని మెట్ల దగ్గరే నిలేశాడు.

"ఎడమ చేత్తోటి దేవుని కానుక పడతారా ఏడన్న? గిదేం పద్ధతి?"

"డాక్టరమ్మ గిట్లనే పట్టుకోమన్నది అన్నా."

"నొప్పి గీ దిక్కు, కర్ర గా దిక్కా? జర సోంచాయించు. నీతోని కాకుంటే చెప్పు, వేరేటోల్లకిస్తం."

ఆ చివరి మాట సూటిగా తగిలింది. మరుసటి ఆదివారం కర్ర ఎడమ చేతిలో ఉంది. సోమవారం షాపుకి వెళ్లేటప్పుడూ అక్కడే ఉంది. నేను ఊరుకోలేదు. చర్చిలో సరే, రోడ్డు మీదన్నా సరిగ్గా పట్టుకో డాడీ అని గొడవపడ్డాను.

"రెండు తీర్ల నడుసుడు నాతోని కాదు బిడ్డా. గాడ పొరపాటున చెయ్యి మారితే?"

ఏం చెప్పాలి ఈ మనిషికి! కొన్నేళ్లలో ఆ మోకాలు బయటికి వంగిపోయింది. అడుగు తీసి అడుగు వెయ్యాలంటే మూలిగేవాడు. షాపు మానేశాడు. సంచిని ఇంకొకరికిచ్చేశారు, ఒక్క మాటైనా అడగలేదు. అరిగే మోకాలు ఎలాగూ అరిగేదేనట, కర్ర ఆపేది కాదట, దవాఖానలో అన్నారు. ఒప్పుకుంటాను. మరి హాయిగా నడవాల్సిన ఆ నాలుగేళ్లూ ఎవరి ఖాతాలో రాయాలి?

ఒక ఆదివారం ఆటోలో తీసుకెళ్లి, నేనూ అమ్మా చెరో రెక్కా పట్టుకుని చివరి కుర్చీలో కూర్చోబెట్టాం. ఆ సంఘ పెద్దే ప్రార్థనకి లేచాడు. "ప్రభువా, నీ దాసుని మోకాలికి ఈ శోధన నీవే అనుమతించినావు, ఓర్చుకునే శక్తి నీవే దయచేయి" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎంత తేలిగ్గా దేవుడి మీదికి నెట్టేశాడు! అందరూ ఆమెన్ అన్నారు. అందరికన్నా గట్టిగా మా డాడీ అన్నాడు.