మా గేటు ముందు నుంచి పోయిన కేబుల్

1998. కొత్తగూడ అప్పటికింకా ఊరే. రోడ్డుకి ఒక పక్క జొన్న చేను, ఇంకో పక్క మా టెలిఫోన్ ఎక్స్ఛేంజి. రెండు గదులు, ఒక వరస బ్యాటరీలు, వాటి మీద తిరిగే బల్లులు. అక్కడ నేను జూనియర్ టెలికం ఆఫీసర్‌ని. కొత్తగూడ, కొండాపూర్ ఫోన్లు నా బాధ్యత. కాస్త అవతల, మాదాపూర్ గుట్టల్లో హైటెక్ సిటీ మొదటి భవనం లేస్తోంది. అక్కడి ఫోన్లు, డేటా లైన్లు ప్రభాకర్ బాధ్యత. ఇద్దరం ఒకే రోజు ఉద్యోగంలో చేరాం. ట్రైనింగులో నాకే అతనికంటే ఎక్కువ మార్కులు వచ్చాయి. ఎవరూ అడగకపోయినా ఈ సంగతి నేను చెబుతూనే ఉంటాను.

జీపు అతనికి. ఏసీ గది అతనికి. దుమ్ము పడకూడదని చెప్పులు బయట విడిచి వెళ్ళాల్సినంత ఖరీదైన పరికరాలు అతనికి. నాకు బల్లులు.

మా ఎక్స్ఛేంజిని సిటీతో కలిపే రాగి తీగల దారుల్ని జంక్షన్లు అంటాం. ఊళ్ళో ఎన్ని ఫోన్లున్నా, ఒకేసారి బయటికి మాట్లాడగలిగేది జంక్షన్లు ఎన్నుంటే అంతమందే. మిగతావాళ్ళకి ఎంగేజ్ టోనే గతి. పల్లె ఎక్స్ఛేంజీలను కూడా ఆప్టికల్ ఫైబర్‌తో, అంటే ఒకేసారి వందల కాల్స్‌నీ డేటానీ కాంతి రూపంలో మోసే సన్నటి గాజు పోగుతో కలపాలని ప్రభుత్వం అప్పటికే అనుకుంది. మాకు దాని పరికరం కూడా పంపింది. కేబుల్ మాత్రం ఇంకో స్టోరు నుంచి రావాలి, అది రాలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదు. పరికరం వచ్చిన చెక్కపెట్టె మీద నా టిఫిన్ డబ్బా పెట్టుకునేదాన్ని.

ఆ వేసవిలో లింగంపల్లి వైపు నుంచి కందకం తవ్వుకుంటూ వచ్చారు. మాకోసమే అనుకుని కూలీలకి టీలు కూడా తెప్పించాను. కందకం మా గేటు ముందు నుంచి నేరుగా మాదాపూర్ వైపు వెళ్ళిపోయింది. అది ప్రభాకర్ కేబుల్. రోజూ సాయంత్రం గేటు దగ్గర నిలబడి చూసేదాన్ని. నేర్చుకోవడానికి కాదు, కుళ్ళుకోవడానికి. కేబుల్ ముక్కలు ఏ గుంటలో అతికారో, రిపేర్లకి పనికొస్తుందని కొంత కేబుల్ చుట్టి ఎక్కడ వదిలారో నాకు కంఠతా వచ్చింది.

కొండాపూర్‌లో అంజయ్యకి ఎస్టీడీ బూత్ ఉండేది. పోలియో కాలు. వికలాంగుల కోటాలో బూత్ వచ్చాక కుట్టుమిషన్ అమ్మేసి దాన్నే నమ్ముకున్నాడు. భవనాల పనికి పాలమూరు నుంచి వచ్చినవాళ్ళు ఆదివారం పొద్దున అక్కడ వరస కట్టేవారు. లైను దొరక్క విసిగి, అక్కడైనా మాట్లాడొచ్చని లింగంపల్లి బస్సెక్కేవారు. ఒకరోజు అంజయ్య చేతికర్ర నా టేబుల్‌కి ఆనించి కూర్చున్నాడు.

"మేడమ్, ఇగ నా బూత్ వాపస్ తీస్కోండ్రి. పొద్దందాక ఆ ఎంగేజ్ సప్పుడు ఇనుడే నా పనైంది."

"జర ఓపిక పట్టు అంజన్నా. కేబుల్ వస్తది."

"వచ్చింది గద మేడమ్. మీ గేటు ముందలికెల్లే పాయె. తవ్వింది మా ఊర్ల, ఫోన్లు గా బంగ్లకు. ఈ నెల సూస్త. గాకుంటే మిషన్ కిరాయికి తెచ్చుకుంట."

నా కడుపులో ఉన్న మాటే అతని నోట వచ్చింది. కాకపోతే నాది మార్కుల మంట, అతనిది అన్నం గొడవ.

ఏ కేబుల్లోనూ పోగులన్నీ మొదటి రోజే వాడరు. ఖాళీగా ఉన్నవాటిని డార్క్ ఫైబర్ అంటాం. అందులో రెండు దొరికితే నా పెట్టె విప్పుకోవచ్చు. పై ఆఫీసుని అడిగితే, ప్రాజెక్టు వాళ్ళు ఒప్పుకుంటే చూద్దామన్నారు. ప్రాజెక్టు వాళ్ళంటే ప్రభాకరే. అతన్ని అడగడం కంటే బదిలీ అడగడం నయమనిపించింది. కానీ అంజయ్య మాట గుచ్చుతూనే ఉంది. చివరికి వెళ్ళాను.

చెప్పులు విడిచి చల్లటి గచ్చు మీద నడుస్తుంటే ఒళ్ళు మండింది. అతను కాదంటాడనుకుని, అన్నాక ఏమనాలో కూడా దారి పొడుగునా తయారు చేసుకున్నాను. నిజం చెప్పాలంటే కాదనాలనే కోరుకున్నాను.

"రెండేనా సరళగారూ? నాలుగు తీసుకోండి" అన్నాడు ప్రభాకర్. "సగానికి పైగా ఖాళీగానే ఉన్నాయి. పై ఆఫీసుకి నేనే రాసేస్తానండి."

దులిపేద్దామని వెళ్తే పీట వేసి కూర్చోబెట్టినట్టయింది. "మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అన్నాను.

"మీరు అడగలేదు కదండీ. మీకు సొంత కేబుల్ వస్తోందనుకున్నాను."

పని రోజున అతని మనుషులు మ్యాపు చూసి తవ్వితే కేబుల్ అతికిన గుంట దొరకలేదు. నేను చెయ్యి పెట్టి చూపించిన చోట తవ్వితే దొరికింది. "ఎలా తెలుసండీ?" అన్నాడు. "తెలుసు" అన్నాను.

గాజు పోగుల కొసలు మిషన్లో ఎదురెదురుగా పెట్టి, కరిగించి అతకడాన్ని స్ప్లైసింగ్ అంటాం. అది కూడా అతనే చేశాడు, నాకంటే నాజూగ్గా.

ఆ ఆదివారం నేనూ ప్రభాకరూ బూత్ దగ్గరికి వెళ్ళాం. వరస చెదరలేదు. ఒక్కొక్కరే లోపలికి వెళ్ళి, అవతలివాళ్ళకి చెవుడన్నట్టు గట్టిగా మాట్లాడి, నవ్వుతూ బయటికి వస్తున్నారు. అంజయ్య మీటరు నుంచి కళ్ళు తిప్పలేదు. కాస్త తీరిక దొరకగానే బంతిపూల దండ తీసి ప్రభాకర్ మెడలో వేశాడు. దండ చుట్టిన కాగితం నా చేతికిచ్చాడు. బయట పడెయ్యమని.

ప్రభాకర్ వెళ్ళాక ఉండబట్టలేక అడిగేశాను. "ఏంది అంజన్నా, నాకు దండ లేదా?"

అంజయ్య నా వంక వింతగా చూశాడు. "దండలు సుట్టాలకేస్తరు మేడమ్. ఇంటోళ్ళకు ఎవలన్న ఏస్తరా?"

అడగందే అమ్మయినా పెట్టదన్న సామెత ఆ కేబుల్ నాకు బాగా నేర్పింది. ఆ తర్వాత సర్వీసంతా ఎక్కడ కొత్త కందకం కనబడినా ముందు కుళ్ళుకునేదాన్ని, మర్నాడు వెళ్ళి అడిగేదాన్ని. అలా కొన్ని ఊళ్ళకి లైన్లొచ్చాయి. అంజయ్య మాట నా కడుపు నింపిందనే చెప్పాలి. అయినా ఆ రోజు రెండు దండలు కొంటే అతని సొమ్మేం పోయేదని ఇప్పటికీ అనిపిస్తుంది.