ఇటుక పొడి మీద బంతి గుర్తు

1999 మార్చిలో నన్ను హౌరా పక్క లిలువాలో రైల్వే ఉద్యోగుల క్లబ్బు టెన్నిస్ కోర్టుకు ఖలాసీగా వేశారు. మా ఆయన రైల్వే డ్యూటీలో ఉండగా పోయిన మీదట ఇచ్చిన ఉద్యోగం అది. నేను చదివింది శ్రీకాకుళం పక్క మా ఊళ్లో మూడో తరగతి వరకే కాబట్టి చదువు షరతు సడలించి చేర్చుకున్నారు. ఖలాసీ అంటే అన్ని హోదాలకూ అడుగున ఉండే పని. నాపైన మార్కర్ ఉండేవాడు. కోర్టు బాగోగులన్నీ అతనివే. అతను రిటైరయ్యాక ఆ చోటు ఖాళీగానే ఉంచి, పని మాత్రం నాకు అప్పగించారు.

మాది ఇటుక పొడి కోర్టు. ఇక్కడివాళ్లు దాన్ని సుర్కీ అంటారు. పొద్దున్నే నీళ్లు చల్లాలి, గోనె పట్టా లాగి చదును చెయ్యాలి, ఇనుప రోలరు తిప్పాలి, సున్నంతో గీతలు దిద్దాలి, వల నడిమిన మూడడుగుల ఎత్తు ఉందో లేదో కొలకర్రతో చూడాలి. పోటీలున్న రోజున అంపైరు ఎత్తు కుర్చీ పక్కన కూర్చుని అంకెల పలకలు తిప్పాలి.

మొదట్లో ఆ లెక్క నాకు ఒంటబట్టలేదు. సున్నాను లవ్ అంటారు. ఒక పాయింటుకు పదిహేను, రెండుకు ముప్పై, మూడుకు నలభై. నలభై ఐదు ఎందుకు కాదని అంపైరు చౌధురి దాదాను అడిగాను. "మాషీ, నేను కుర్రవాడిగా ఉన్నప్పుడు అడిగితే నా చెవి మెలిపెట్టారు. నువ్వు అడక్కు" అన్నాడు. మాషీ అంటే బెంగాలీలో పిన్ని. క్లబ్బులో అందరికీ నేను మాషీనే.

నాలుగో పాయింటుతో గేమ్ అయిపోతుంది. కానీ ఇద్దరూ నలభై దగ్గర ఉంటే అది డ్యూస్. అక్కణ్ణుంచి ఒక పాయింటు గెలిస్తే అడ్వాంటేజ్, వెంటనే ఇంకొకటి గెలిస్తేనే గేమ్. రెండోది పోతే మళ్లీ డ్యూస్. రెండు గేముల తేడాతో ఆరు గెలిచినవాళ్లది సెట్. మూడు సెట్లలో రెండు గెలిస్తే మ్యాచ్. సెట్లో చెరి ఆరు గేములైతే టై-బ్రేక్ ఆడిస్తారు. అందులో పదిహేనులూ ముప్పైలూ ఉండవు, ఒకటి, రెండు, మూడు అని మామూలు లెక్క. ఏడు చేరాలి, రెండు తేడా ఉండాలి. సర్వీసు బంతి వలను తాకి అవతల సరైన చోట పడితే లెట్, అంటే మళ్లీ వెయ్యాలి. రెండు సర్వీసులూ తప్పితే డబుల్ ఫాల్ట్, పాయింటు ఎదుటివాళ్లది. ఇదంతా నోటికి వచ్చాక అంపైరు నోరు తెరవకముందే పలక తిప్పేదాన్ని. ఆట మొత్తం నాకు తెలిసిపోయిందనుకున్నాను.

ఇటుక పొడి మీద పడిన ప్రతి బంతీ కోడిగుడ్డంత గుర్తు వదులుతుంది. సాయంత్రానికి కోర్టంతా ఆ గుర్తులే. వాటిని చదును చెయ్యాలంటే మర్నాడు రెండింతలు నీళ్లు, రెండింతలు పొడి కావాలి. నాకు వృథా అంటే పడదు. కోర్టులో ఆడుకోవడానికి వచ్చే క్వార్టర్ల పిల్లలకు ఒక కట్టడి పెట్టాను. పాయింటు అవగానే ఎవరి పక్కన పడిన గుర్తును వాళ్లే కాలితో చదును చెయ్యాలి. చెయ్యనివాళ్లకు మర్నాడు రాకెట్ చేతికి ఇచ్చేదాన్ని కాదు. పెద్ద మెంబర్లు చూసి మెచ్చుకున్నారు. వాళ్లు పంతాలకు ఆడరు. బంతి లోపలో బయటో మాటమీదే వదిలేసుకునేవారు. గుర్తు చూసి తేల్చుకోవడం ఆ కోర్టులో నేను ఒక్కనాడూ ఎరగను.

నా కూతురు కూతురు శిరీష ఏడేళ్లకే నా వెంట కోర్టుకు వచ్చేది. మెంబర్లు పారేసిన బంతులతో, తీగలు మార్చిన పాత రాకెట్‌తో నేర్చుకుంది. దాన్ని నేను ఎక్కువగా తిట్టేదాన్ని.

"ఏటే, గొడ్డు తొక్కినట్టు తొక్కీసి ఎలిపోతన్నావు? ఆ గుర్తు మీ తాత వొచ్చి తుడుస్తాడేటి?"

"తుడుస్తన్నాను అమ్మమ్మా. నీకు బంతి కన్నా మన్ను మీదే పేనం."

రాను రాను చెప్పాల్సిన పని లేకపోయింది. దాని కళ్లు ఎటు ఉన్నా కాలు గుర్తు మీదికి పోయేది.

2019 డిసెంబరులో రైల్వేలో స్పోర్ట్స్ కోటా ఉద్యోగానికి ట్రయల్స్ మా కోర్టులోనే పెట్టారు. టెన్నిస్ ఆడే ఆడపిల్లలకు ఒక్కటే ఖాళీ. నా రిటైర్‌మెంటుకు రెండేళ్లు కూడా లేవు. అది అయ్యాక మేముంటున్న రైల్వే క్వార్టరు ఖాళీ చెయ్యాలి. అల్లుడు లేడు, కూతురికి ఆయాసం. శిరీషకు ఆ ఉద్యోగం వస్తేనే మాకు నీడ. ఈ సంగతి దానికి రోజూ చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

చివరి మ్యాచ్‌కు మనవరాలు వచ్చింది కాబట్టి నేను పలకల దగ్గర కూర్చోవడం బాగోదని క్లబ్బు సెక్రటరీకి చెప్పాను. అంకెలు తిప్పడానికి చుట్టరికం ఏమిటి, స్కోరు చెప్పేది అంపైరే కదా అన్నారు. గీతల దగ్గర నిలబడాల్సిన లైన్ అంపైర్లు రాలేదు. బంతి లోపలో బయటో చెప్పడమూ చౌధురి దాదా పనే అయింది.

చెరొక సెట్ గెలిచారు. మూడో సెట్లో చెరి ఆరు గేములయ్యాయి. టై-బ్రేక్‌లో శిరీష ఆరు, ఎదుటి పిల్ల ఐదు. ఇంకొక్క పాయింటు గెలిస్తే ఉద్యోగం.

ఎదుటి పిల్ల బలంగా కొట్టిన బంతి శిరీషకు అందకుండా వెళ్లి వెనక గీత దగ్గర పడింది. చౌధురి దాదా "అవుట్" అన్నాడు. నేను ఏడు అంకె తిప్పేశాను. ఎదుటి పిల్ల మాత్రం చెయ్యెత్తి, గుర్తు చూడమని అడిగింది. ఇటుక పొడి కోర్టు మీద ఆటగాళ్లకు ఆ హక్కు ఉందని నాకు ఆరోజే తెలిసింది. అడిగితే అంపైరు దిగి వచ్చి గుర్తు గీతను తాకిందో లేదో చూడాలి. చౌధురి దాదా కుర్చీ మెట్లు దిగుతున్నాడు. ఆయన సగం దూరం వచ్చేసరికి శిరీష రాకెట్ చంకలో పెట్టుకుని, కాలితో ఆ గుర్తును చదును చేసేసింది.

ఆయన నేల వంక చూసి, దాని మొహం చూశాడు. బెంగాలీలో మెల్లగా చెప్పాడు. అంపైరు తేల్చకముందు గుర్తు చెరిపినవాళ్లు ఆ బంతి లోపల పడిందని ఒప్పుకున్నట్టే. అది నియమం. పాయింటు ఎదుటి పిల్లది.

నేను లేచి వెళ్లాను. పలకల దగ్గరివాళ్లు కోర్టులో అడుగు పెట్టకూడదు, తెలిసే వెళ్లాను. "దాదా, బయటే పడింది. గీతకూ గుర్తుకూ నడుమ వేలు పట్టేటంత సందు ఉంది. నాను చూసినాను" అన్నాను.

"మాషీ, నేనూ బయటనే అన్నాను. కానీ చూపించడానికి ఇప్పుడు ఏముంది?" అని, "ఈ అలవాటు దీనికి ఎవరు చేశారు?" అని అడిగాడు.

"నానే" అన్నాను. ఆయన వెళ్లి కుర్చీ ఎక్కాడు. నేను వెనక్కి వచ్చి ఏడు తీసి ఆరు పెట్టాను. రెండో పక్క కూడా ఆరు పెట్టాను. తర్వాతి పాయింటులో శిరీష డబుల్ ఫాల్ట్ చేసింది. ఆ పై పాయింటులో అది కొట్టిన బంతి వలకు తగిలి ఇవతలే పడింది. ఎదుటి పిల్లకు ఎనిమిది, శిరీషకు ఆరు అని నా చేత్తో నేనే తిప్పాను.

క్వార్టరుకు నడిచేటప్పుడు శిరీష ఒక్క మాటే అంది. "నాకు తెల్దు అమ్మమ్మా. కాలు దానికదే ఎలిపోయింది." వల విప్పి మడత పెట్టే పని ఉందని మళ్లీ కోర్టుకు వెళ్లిపోయాను.

ఆ తర్వాత టెన్నిస్‌కు ఖాళీ వెయ్యలేదు. 2021లో నేను రిటైరయ్యాను, క్వార్టరు తాళాలు ఇచ్చేశాం. ఇప్పుడు హౌరాలో ఒక గదిలో ముగ్గురం ఉంటున్నాం. శిరీష న్యూ టౌన్‌లో ఒక బట్టల దుకాణంలో రోజంతా నిలబడి అమ్మకాలు చేస్తుంది. రెండు బస్సులు మారి వస్తుంది. ఆట మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తరు.

కోర్టు పనిలో చేరేవాళ్లు ఎవరైనా అడిగితే ఒకటి చెబుతాను. స్కోరు లెక్క నేర్చుకోవడం తేలిక. అంపైరు చేతిలో నియమాల పుస్తకం ఒకటి ఉంటుంది. చదవలేకపోతే మొదటి పుట నుంచి చివరి పుట దాకా చదివించుకుని వినాలి. పిల్లలకు ఏ కట్టడైనా పెట్టే ముందు, పోటీలో అది చెల్లుతుందా అని అడగాలి. చౌధురి దాదా ఇరవై ఏళ్లు నా పక్క కుర్చీలోనే కూర్చున్నాడు. నేను ఆ మాట అడగలేదు.