పారబోయలేక దాచిన ద్రవం

మొన్న ఒక పాత శిష్యురాలు ఫోనుకు చిన్న వీడియో పంపింది. మెదడులో నరకణాల, అంటే న్యూరాన్ల, చుట్టూ ఉండే గ్లియా కణాలు వాటిని అతికి ఉంచే వట్టి బంక కాదనీ, రసాయనాలు వదులుతూ నరకణాలతో మాట్లాడతాయనీ అందులో ఎవరో కుర్రవాడు చెబుతుంటే, టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా రెండుసార్లు చూశాను. ఇన్నేళ్ల తర్వాత కూడా ఒళ్లు పులకరించింది.

ఆ కణాలతో నా పరిచయం తొంభైల చివరి మాట. ముప్పై అయిదేళ్లు దాటాక, కాలేజీ ఉద్యోగానికి సెలవు పెట్టి అనంతపురంలో పరిశోధనకు చేరాను. రాప్తాడు కోళ్లఫారం నుంచి పొదిగే గుడ్లు తెచ్చుకుని, పిండం మెదడులోంచి నరకణాలను ఒక గిన్నెలో, గ్లియాను మరో గిన్నెలో పెంచడం నా పని. గ్లియా గడ్డిలాగా పెరిగేది. నరకణాలు మాత్రం మూడో రోజుకల్లా ముడుచుకుని చచ్చేవి. సెలవు ఇక నెల రోజులే ఉంది. ఈలోగా అవి బతకకపోతే డాక్టరేటు ఆశ వదులుకుని వెనక్కి పోవలసిందే.

కణాలకు పోసే ఎర్రటి పోషకద్రవాన్ని రెండు మూడు రోజులకోసారి మార్చి, పాతది పారబోయాలి. నల్లమాడ దగ్గరి కరువు పల్లెలో, బియ్యం కడిగిన నీళ్లు కుడితికీ ముఖం కడిగిన నీళ్లు బెండ మొక్కలకూ పోసే అమ్మ దగ్గర పెరిగిన నాకు చేతులు రాలేదు. గ్లియా గిన్నెల్లోని ద్రవాన్ని సీసాకెత్తి ఫ్రిజ్‌లో దాచేదాన్ని, ఎందుకో నాకే తెలియదు. ఒకనాడు కొత్త ద్రవం అయిపోయింది, బెంగళూరు పార్సిలు రాలేదు. ఎలాగూ చచ్చేవే కదా అని, ఆ పాతదే వడగట్టి నరకణాలకు పోసేశాను.

నాలుగో రోజు మైక్రోస్కోపులో చూస్తే, చావలేదు సరికదా, సన్నని కొమ్మలు చాచి ఒకదాన్నొకటి అందుకుంటున్నాయి! కుర్చీ పడిపోయినా చూడకుండా వరండాలో పరుగెత్తాను. గ్లియా తన గిన్నెలో వదిలిందేదో వీటికి అందింది; రెండూ ఒకదాన్నొకటి తాకకుండానే కబురు చేరిపోయింది! మా గైడు వచ్చి, కళ్లద్దాలు ఎత్తి చూసి, "ఏమ్మా, బతికుండాయే! ఏం పోసినావు?" అన్నారు. ఇది బయటి దేశాలవాళ్లకు ముందే తెలిసిన సంగతని తర్వాత ఆయనే చెప్పినా, నా సంతోషం ఇసుమంతైనా తగ్గలేదు.

ఆయన ప్రశ్నకు మాత్రం, పిసినారిననుకుంటారేమోనని సిగ్గుపడి, గ్లియా గిన్నెల పాత ద్రవం పోశాననీ, దాన్ని పరీక్షించి చూద్దామనే దాచాననీ చెప్పాను. థీసిస్‌లోనూ అలాగే రాశాను, పట్టా వచ్చింది. ఆ రోజుల్లో మేం కరువు ఊరి అలవాట్లను పట్నంలో బయటపడనిచ్చేవాళ్లం కాదు; ఇప్పటి పిల్లలు నీళ్ల పొదుపు గురించి గొప్పగా చెప్పుకుంటుంటే ముచ్చటేస్తుంది. తన అలవాటునే నా తెలివిగా చెప్పుకున్నానని తెలియని అమ్మ, ఆ పట్టాకు పటం కట్టించి, పోయేదాకా రోజూ కొంగుతో తుడిచింది.