లచ్చమ్మ మంచం పక్కన నా ప్రార్థన

1964లో నేను సూర్యాపేట సర్కారు దవాఖానలో స్టాఫ్ నర్సును. బెంగుళూరు పెంకుల కప్పు, సున్నం కొట్టిన గోడలు, ఆడవాళ్ళ వార్డు, దాని చివర ప్రసవాల గది. రెంటికీ నడుమ ఒక తెర మాత్రమే. ఇప్పటికీ ఎక్కడైనా స్పిరిట్ వాసన తగిలితే ఆ వార్డులో తిరుగుతున్నట్టే ఉంటుంది నాకు.

మా నాన్న కోదాడలో చర్చి పెద్ద. నలుగురిలో ప్రార్థన చేయడానికి సిగ్గుపడకూడదని చెప్పి నన్ను ఉద్యోగానికి పంపాడు. అందుకని ఏ పని మొదలుపెట్టినా ముందు రోగి మంచం పక్కన నిలబడి, చేతులు జోడించి, కళ్ళు మూసుకొని అర నిమిషం మౌనంగా ప్రార్థించేదాన్ని. ఎవరూ వద్దనలేదు. వద్దనలేదు కాబట్టి అందరికీ ఇష్టమేననుకున్నాను.

ఆ ఎండాకాలం తిరుమలగిరి వైపు పల్లె నుంచి లచ్చమ్మ అనే అమ్మాయి తొలి కాన్పుకు వచ్చింది. వెంట తల్లి ఎల్లమ్మ, భర్త. నొప్పులు మొదలై అప్పటికే ఒక రోజు దాటింది. డాక్టరమ్మ మునగాలలో టీకాల పని మీద ఉంది, మధ్యాహ్నానికి గాని రాదు.

ఆ ఉదయమే వార్డులో ఒక ముసలమ్మ కన్నుమూసింది. చివరి ఘడియల్లో ఆమె పక్కన నిలబడి ప్రార్థించాను. తర్వాత చేతులు కడుక్కొని ప్రసవాల గదిలోకి వచ్చి, లచ్చమ్మ దగ్గరా అలాగే నిలబడి కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి ఆమె మోచేతుల మీద లేచి నన్నే చూస్తోంది. ముఖం పాలిపోయింది.

“సిస్టరమ్మా, నేను సచ్చిపోతున్ననా?” అని అడిగింది.

ఎందుకలా అంటున్నావన్నాను.

“తెర సందుల నుంచి సూసిన. గా ముసలమ్మ కాడ గిట్లనే దండం పెట్టినవ్. జరసేపటికి ముసుగు కప్పిన్రు. ఇగ నా వంతు వచ్చినట్టే గద.”

పోయేదుంటే ఇంట్లోనే పోతానంటూ ఆమె మంచం దిగబోయింది. బండి కట్టమని అల్లుడికి చెప్పడానికి ఎల్లమ్మ ఏడుస్తూ బయటికి పరుగెత్తింది. ఆ ఎండలో, అంత అలిసిపోయి బండెక్కితే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కరని నాకు తెలుసు.

నా దేవుడి గురించి వివరిద్దామని ఒక్క క్షణం అనిపించింది. ఆమెకు కావలసింది అది కాదు. ఎల్లమ్మను వెనక్కి పిలిచి ఫీటోస్కోప్ తీసుకున్నాను. కడుపులో బిడ్డ గుండె చప్పుడు వినడానికి వాడే చిన్న గొట్టం అది. మంచం అంచున కూర్చున్న లచ్చమ్మ పొట్ట మీద దాన్ని ఆనించి తల్లిని చెవి పెట్టమన్నాను. ఎల్లమ్మ చాలాసేపు అలాగే వంగి ఉండిపోయింది.

“గుర్రం ఉరికినట్టు ఉరుకుతున్నది బిడ్డా లోపల,” అంది కూతురితో. “పండుకో.”

లచ్చమ్మ పడుకుంది. డాక్టరమ్మ వచ్చాక ఫోర్సెప్స్ వేయవలసి వచ్చింది. బిడ్డ తలను పట్టి బయటికి తీసే సాధనం అది. ఆడపిల్ల. కాసేపు మమ్మల్ని భయపెట్టి, తర్వాత వార్డంతా వినపడేలా ఏడ్చింది.

ఇంటికి వెళ్ళే రోజు లచ్చమ్మ నన్ను ఆపి, కళ్ళు మూసుకొని లోపల ఏమడుగుతావని అడిగింది. నా చేయి తప్పు చేయకుండా చూడమని, నీకూ బిడ్డకూ మేలు చేయమని అడిగానన్నాను.

“గంతేనా? గది నాకు ముందే చెప్తే గంత పరేషాన్ కాకపోతుంటి గద.”

సెలవులో కోదాడ వెళ్ళినప్పుడు నాన్నకు ఇదంతా చెప్పాను. “సిగ్గుపడొద్దని చెప్పాను గాని, ముందు ఆ మనిషిని అడగమని చెప్పలేదమ్మా,” అన్నాడు.

తర్వాత మిర్యాలగూడ బదిలీ అయింది. అక్కడ పనిచేసినన్నాళ్ళూ డ్యూటీకి ముందు దుప్పట్లు పెట్టే గదిలో తలుపు వేసుకొని ప్రార్థించేదాన్ని. ఎవరైనా కోరితే మంచం దగ్గర చేసేదాన్ని, ఏమడుగుతున్నానో వాళ్ళకు వినపడేలా. నా భక్తి తగ్గిందని ఎన్నడూ అనిపించలేదు. సర్కారు దవాఖానలో మంచం మీది మనిషికి, నా ప్రార్థన వద్దనుకున్నా లేచి అవతలికి పోయే వీలుండదు. దేవుడి ముందు నిలబడ్డాననుకొని నేను కళ్ళు మూసుకున్న ఆ అర నిమిషం, లచ్చమ్మను చూడవలసిన నర్సు ఆ గదిలో లేకుండా పోయింది.