తోట కాపలాకు నిద్ర పాఠాలు

నిద్ర పట్టనివాళ్లకు ఫోనులోనే వైద్యం చేస్తామని పట్నం నుంచి ఒక కంపెనీ దిగింది. వాళ్ల పరిశోధనకు నూజివీడు చుట్టుపక్కల మనుషుల్ని చేర్చే ఉద్యోగం నాకు దొరికింది. విజయవాడలో ఏసీ హోటల్లో శిక్షణ. మంచాన్ని నిద్రకు తప్ప దేనికీ వాడకూడదట, ఇరవై నిమిషాల్లో నిద్ర రాకపోతే లేచి వేరే గదిలోకి వెళ్లాలట. ఒంటిగది ఇల్లంటే ఏంటో ఆ మహానుభావులకు ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. బిర్యానీ తిని, సర్టిఫికెట్ పుచ్చుకుని వచ్చాను.

ఆగిరిపల్లి దగ్గర మామిడికాయల కోతకు వెళ్లే ఒకావిడ అందరికంటే ముందు చేరింది. ఆమెకు నెలల తరబడి రాత్రిళ్లు కంటి మీద కునుకు లేదు. భర్త ఒక కౌలుదారు తోటలో రాత్రి కాపలా. కిందటి వేసవిలో అక్కడే పాము కరిచి, చావు తప్పి ఇంటికొచ్చాడు. ఆమెకు నిద్రెందుకు రావడం లేదో చిన్నపిల్లాడైనా చెబుతాడు. మా ప్రశ్నల్లో మాత్రం రోజుకు టీ ఎన్నిసార్లు తాగుతారని ఉంది, మొగుడు ఎక్కడ పడుకుంటాడని లేదు. టీ రెండుసార్లు అని నింపి, ఆ ఇంట్లో ఉన్న ఒక్క ఫోనులో యాప్ వేసిచ్చాను.

నెల తిరక్కముందే పట్నం నుంచి ఒకటే పొగడ్తలు. ఆమె పాఠాలన్నీ చివరిదాకా విన్నదట. రోజూ పొద్దున్నే నవ్వు బొమ్మ నొక్కిందట. ఫొటో తీసి, నాలుగు మంచి మాటలు రాసుకురమ్మన్నారు. స్కూటీ వేసుకుని వెళ్లాను. ఇద్దరూ వాకిట్లోనే ఉన్నారు.

"ఫోను నా దగ్గరెక్కడుంటుందండీ? రాత్రిళ్లు తోటకి ఆయన పట్టుకెళ్తారుగా," అంది.

"పదింటికల్లా అదే మోగేదండీ. భుజాలు వదిలెయ్యండి, కళ్లు మూసుకోండి అని ఆవిడెవరో ఎంత బాగా చెప్పేదో! మధ్యలో ఆపితే మీకు మాటొస్తుందని మొత్తం వినేవాణ్ని. పొద్దున ఆ బొమ్మ కూడా నేనే నొక్కేవాణ్ని," అన్నాడు భర్త.

అలా వింటూనే ఒక రాత్రి నిద్రలోకి జారిపోయాడు. దొంగలు రెండు చెట్ల రసాలు కోసుకుపోయారు. కౌలుదారు ఇతన్ని పనిలోంచి తీసేశాడు. ఇదీ మా కంపెనీ సాధించిన ఘనకార్యం. నాకు ఒళ్లు మండిపోయింది.

"నాకైతే ఈ వారం నిద్ర బాగానే పట్టిందండీ. ఆయన ఇంట్లోనే ఉన్నారుగా," అంది ఆమె. ఫోను నా చేతికిచ్చి, "ఈ రాత్రి నుంచి ఇంకో తోటలో కాపలా కుదిరింది. ఆ గొంతు తీసెయ్యండి మేడం. ఆయన కళ్లు మూస్తే ఏ పురుగొచ్చినా చూసుకోలేరు. నా నిద్ర సంగతి వదిలెయ్యండి," అంది.

యాప్ తీసేస్తుంటే అది కారణం అడిగింది. నయమైంది, ఆసక్తి లేదు, ఫోను పాడైంది. అంతే, ఈ మూడే. ఆ మేధావులకు భయం అనే మాట తట్టలేదు. నేను 'నయమైంది' నొక్కాను.

సాయంత్రం మా సారు ఫోన్ చేసి శభాష్ అన్నాడు. థాంక్యూ సార్ అన్నాను. వాళ్లను ఎంతైనా తిట్టగలను. కానీ ఆ రాత్రి ఆ ఒంటిగదిలో ఆమె మేలుకునే ఉంటుందని తెలిసి కూడా, నేను హాయిగా నిద్రపోయాను.