మగవాళ్ల హాలులో మా టైలరక్క

మా వీధి టైలరక్క పోయిన ఆదివారం పొద్దున మా ముందుగదిలో కన్నుమూసింది. కొందరు వచ్చి నన్ను ఓదార్చారు. కొందరు "పోనీలెండి, మీకు బరువు దిగింది" అన్నారు. ఆ రెండో మాట అన్నవారి కోసమే ఇది రాస్తున్నాను.

పుట్టినప్పుడు ఆమెను మగబిడ్డ అన్నారు. ఇరవై ఏళ్ల వయసు నుంచి ఆమె స్త్రీగానే బతికింది. హనుమకొండలో మా వీధి మొదట్లో నలభై ఏళ్లు మిషను తొక్కింది. కాలేజీలో పాఠం చెప్పినన్నాళ్లూ నేను ఆమె కుట్టిన జాకెట్లే తొడుక్కున్నాను. కొలత తీసేటప్పుడు పొట్ట లోపలికి లాగితే టేపుతో చేతి మీద తట్టేది.

"ఊపిరి ఇడువుండ్లి మేడం. జాకెట్టు మీకు కుడుతాన, అద్దానికి కాదు."

మొన్న వేసవిలో జారిపడి ఆమె తుంటి విరిగింది. ఆమెకు నా అనేవాళ్లు లేరు. ఊరి చివరి వృద్ధాశ్రమానికి తీసుకువెళ్లింది నేనే. దరఖాస్తులో 'స్త్రీ' అని నా చేత్తోనే రాశాను. మేనేజరు ఆధార్ కార్డు చూసి నవ్వాడు.

"ఇండ్ల మేల్ అని ఉన్నది గదా మేడం. ఇయ్యాల్టికి మగోళ్ల హాల్ల ఉంటది, రేపు మారుస్తం."

చదువుకున్నదాన్ని కదా, కాగితం మీద నేను రాసింది చెల్లుతుందని నమ్మి వచ్చేశాను. ఆ తప్పు నాది.

పదిహేను రోజులకు వెళ్తే ఆమెను గుర్తుపట్టలేకపోయాను. జుట్టు మొదలంటా కత్తిరించారు. లుంగీ కట్టారు.

"పేలు పడ్తయని అందరికి కొట్టిస్తం మేడం, రూలు" అన్నాడు మేనేజరు.

"పక్క హాలులో జడలున్నాయి కదా?"

"వాళ్లు లేడీస్ గదా."

ఆమె నా చెయ్యి పట్టుకుంది. "జుట్టు మళ్ల వస్తది మేడం. గని పొద్దున లేస్తె తాతా, తాతా అంటాండ్రు. నన్ను తోల్కపోండ్రి."

ఇంకో రెండు ఆశ్రమాలకు ఫోను చేశాను. ఒకరు "మా లేడీస్ ఒప్పుకోరు" అన్నారు. మరొకరు "అసుంటోళ్లకు వేరే ఉంటయి" అన్నారు. ఎక్కడ అని అడిగితే పెట్టేశారు. యాభై ఏళ్లు స్త్రీగా బతికిన మనిషి, మంచాన పడ్డ రోజున ఆ మంచం కోసం మగవాడిగా మారాలా? దాన్ని సంరక్షణ అనడానికి నాకు నోరు రాదు.

ఇంటికి తెచ్చుకున్నాను. నాలుగు నెలలు ఉంది. నా కూరలో ఉప్పుకూ, ఆమె టీవీ మోతకూ రోజూ పోట్లాటే. "మీరు ఒంటరిగ ఎందుకున్నరో ఇప్పుడు సమజైంది" అనేది. అంత చనువుగా నన్ను తిట్టినవాళ్లు వేరే లేరు.

ఆమె కన్నుమూసిన ఆదివారం వీధి మగవాళ్లు బిందెలతో వచ్చారు. పోయిన స్త్రీకి స్త్రీలే స్నానం చేయించాలన్నది మా ఆచారం. అది వాళ్లకు తెలియక కాదు.

"జరుగుండ్లి మేడం, మేం జూస్కుంటం."

"ఈ ఇంట్లో పోయింది ఆడమనిషి. మీలో ఒక్కరు గడప దాటినా ఊరుకోను."

ఆడవాళ్లు ఎదురింటి మెట్ల మీద నుంచి చూస్తున్నారు. ఎవరూ కదల్లేదు. చాలాసేపటికి, కూరగాయలమ్మే ఆమె కొంగు నడుముకు దోపుకుని మగవాళ్లను తోసుకుంటూ వచ్చింది.

"నా పెండ్లి జాకెట్టు కుట్టింది ఈమెనే. నీళ్లు పెట్టిన్రా మేడం?"

ఆమె వెనుక ఇంకో ఇద్దరు వచ్చారు. తలుపు వేసుకున్నాం. ఒళ్లంతా పసుపు రాసి స్నానం చేయించాం. ఆ పసుపునీళ్లు తూములోంచి వీధిలోకి పారాయి. అక్కడ నిలబడ్డ మగవాళ్లు ఒక్కొక్కరే కాళ్లు వెనక్కి తీసుకోవడం కిటికీలోంచి చూశాను.