ఒకరోజు ముందే కర్ణుణ్ణి చంపాను

మొన్న మా వీధి కుర్రాళ్లిద్దరు నాకు సన్మానం చేస్తామని వచ్చి, పత్రంలో నా పేరు కింద ఏమని వేయించాలి, గాయని అనా, నర్తకి అనా, కథకురాలు అనా, ఏదో ఒకదానికే చోటుంది అన్నారు. నాకు నవ్వొచ్చింది. మా కాలంలో హరికథ చెప్పే మనిషిని ఇలా ముక్కలు చేసి అడిగినవాళ్లు లేరు. గజ్జె కట్టి నిలబడ్డాక పాడాలి, ఆడాలి, ఏడవాలి, ఏడిపించాలి, ముందు వరుసలో కునికే ముసలాయన్ను నవ్వించి లేపాలి, అంతా ఒక్క ఒంటితోనే. వాళ్లకు చెరో గ్లాసు మజ్జిగ ఇచ్చి మీ ఇష్టం అని పంపేశాను గానీ, నా మనసు మాత్రం పందొమ్మిదేళ్ల ప్రాయంలోకి ఒకటే పరుగు.

మీలో మా చిత్తూరు వైపు పుట్టినవారికి వేరే చెప్పాలా, ఎండాకాలం వస్తే ధర్మరాజుల గుడి దగ్గర పద్దెనిమిది రోజులు భారతం జరిగేది. మధ్యాహ్నం హరికథ, రాత్రికి వీధినాటకం. పగలు కథ ఎంతవరకు చెబితే రాత్రి నాటకం అంతవరకే ఆడాలి, రెండూ జోడెద్దుల్లా నడవాలి. ఒకసారి జెండా ఎక్కించాక కథ ఆగితే ఊరికి మంచిది కాదని నమ్మేవాళ్లం. పుత్తూరు పక్కన మా ఊళ్లో ఆ కథ మొదట మా తాతది, తర్వాత మా నాయనది. నేను నాయన వెనక కూర్చుని ఫిడేలు వాయిస్తూ, కథంతా పెదవులతో నాలో నేనే చెప్పుకునేదాన్ని. అది నాయనకు తెలుసు, తెలియనట్టు ఉండేవాడు.

లడాయి రోజులవి, బస్సులు బొగ్గుతో నడిచే కాలం. ఆ ఏడు పద్నాలుగోనాటికి నాయన గొంతు పూర్తిగా పడిపోయింది. మిరియాల కషాయాలకూ లొంగలేదు. నేను చెబుతానన్నాను. గుడి పెద్దాయన మా గడపలోనే నిలబడి "ఆడబిడ్డ భారతం సెప్పేది యాడన్నా ఉండాదా అబ్బా?" అని నాయన్ని అడిగాడు. నాయన మాట్లాడలేడు గదా, గజ్జెలు తెచ్చి నా కాళ్ల దగ్గర పెట్టాడు. చిడతలు మాత్రం ఇవ్వలేదు, నా పక్కన కూర్చుని తాళం వేయడానికి తన దగ్గరే ఉంచుకున్నాడు. ఏదైనా తప్పు జరిగిందా, చిత్తూరు నుంచి వేరే భాగవతార్‌ను పిలిపిస్తాను, ఇక ఈ భారతం మీ ఇంట్లో ఉండదు అని పెద్దాయన తేల్చి చెప్పి వెళ్లాడు.

పదిహేనోరోజు గట్టెక్కింది. పదహారోనాడు ఉంది చూడండి, ఆ రోజు శల్యుడు కర్ణుడికి సారథ్యం చేస్తానని ఒప్పుకున్న చోట ఆపాలి. కర్ణవధ మర్నాటి కథ. కానీ ఆడపిల్ల భారతం చెబుతోందని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు బండ్లు కట్టుకుని వచ్చారు, అంత జనాన్ని చూసేసరికి నాకు ఒళ్లు తెలియలేదు. శల్యుడు రథమెక్కాడు, వెనకే నేనూ ఎక్కాను. పక్కన నాయన చిడతలు టకటకా గట్టిగా కొడుతుంటే, మెచ్చుకుంటున్నాడనుకుని ఇంకా వేగం పెంచాను, ఆపవే తల్లీ అని కొడుతున్నాడని నాకేం తెలుసు! చక్రం దిగబడింది, బాణం తగిలింది, కర్ణుడు కూలిపోయాడు, నేను మంగళం పాడేసి చూద్దును గదా, పెద్దాయన ముఖం మాడిపోయి ఉంది.

కథలో చచ్చినవాడు నాటకంలోనూ ఆ రాత్రే చావాలి, తప్పదు. కర్ణవేషం వేసే ఆయన నగరిలో నేతపని చేసేవాడు. చెమటలు కక్కుతూ వచ్చి "ఏం తల్లీ, నన్ను ఒకరోజు ముందే సంపేస్తివే! మా వీదంతా మగ్గాలు ఆపుకోని రేపు నా సావు సూడ్డానికి వస్తాండారు, వాళ్లకేం సెప్పల్ల?" అన్నాడు. పాపం, ఆ రాత్రి తనవాళ్లెవరూ లేకుండానే చచ్చాడు. మర్నాడు సాయంత్రం బస్సుకు చిత్తూరు వెళ్లి కబురు చెప్పమని పెద్దాయన ఒక మనిషిని పురమాయించాడు, కథ ఆగకూడదు గనక అప్పటిదాకా నేనే చెప్పాలి. మూడు తరాల భారతం నా నోటి దురద వల్ల పోతోందని నేను ఏడ్చిన ఏడుపు ఇంతా అంతా కాదు.

తెల్లారి మొహం కడుక్కుంటుంటే తట్టింది, చచ్చినవాడి కథ చచ్చినంత మాత్రాన అయిపోతుందా, కన్నతల్లి ఇంకా రాలేదు గదా అని. కుంతి శోకాన్ని నాయన ఒక్క పద్యంలో దాటించేవాడు. పరుగున వెళ్లి కర్ణవేషం ఆయన్ని అడిగితే మారుమాట లేకుండా ఒప్పుకున్నాడు. ఆ మధ్యాహ్నం, నేతవీధి జనమంతా చూస్తుండగా, ఎర్రటి ఎండలో కిరీటంతో వచ్చి హరికథ చాపమీద శవమై పడుకున్నాడు. హరికథలో శవాన్ని చూడడం మా ఊరికి అదే మొదలు. ఆయన తల ఒళ్లో పెట్టుకుని, ఏటిలో పెట్టె వదిలిన నాటినుంచి మొదలుపెట్టి కన్నకొడుక్కి అంతా చెప్పుకున్నాను. మాటలకు అందని చోట లేచి ఫిడేలు తీసుకున్నాను, అదీ చాలక ఆడాను. ఎంత సేపు గడిచిందో తెలియదు. మూసిన కళ్లలోంచి శవానికి నీళ్లు కారుతుంటే నా కొంగుతో తుడిచాను, నేతవీధి ఆడవాళ్లు ఘొల్లుమన్నారు.

పెద్దాయన పైపంచెతో కళ్లొత్తుకుని, చిత్తూరు మనిషిని పోవద్దనండప్పా అన్నాడు. నాయన ఏమీ అనలేడు, చిడతలు నా చేతిలో పెట్టాడు, అంతే. ఆ గొంతు మళ్లీ కథకు రాలేదు. తడ మొదలు తిరుమల దాకా నేను నలభై ఏళ్లు కథ చెబితే, ఓపిక ఉన్నన్నాళ్లూ వట్టి చేతులతో నా పక్కన తాళం వేశాడు.

ఇప్పుడు పద్దెనిమిది రోజుల భారతాన్ని చాలాచోట్ల మూడు రోజులకు కుదించారు. వచ్చే పిల్లలు బాగా పాడతారు, నాకంటే బాగానే పాడతారు, గడియారం చూసుకుని సరిగ్గా ఆపేస్తారు. నా గొంతూ పోయింది. చిడతలు మాత్రం నూనె రాసి ఉంచాను. ఒళ్లు మరిచి ఒకరోజు ముందే కర్ణుణ్ణి చంపేసే పిల్ల ఒకతె వస్తే ఇచ్చేసి, దాని పక్కన వట్టి చేతులతో కూర్చుందామని ఇంకా చూస్తూనే ఉన్నాను.